భిలాయి మైత్రీబాగు: ఉద్యానవనము, జనసమూహములు, పురారోగ్యము
(ఉపన్యాస పాఠము)

పురపాలక సంఘముల ఆదాయవ్యయ పట్టికలలో ఉద్యానవనముల పద్దు చివరి పుటలలో కనబడుట పరిపాటి. రోడ్లు, దీపములు, మురుగుకాలువలు, మంచినీటి కుళాయిలు, పాఠశాలలు మొదలగువానికి కేటాయింపు జరిగిన పిమ్మట మిగిలినదేదో ఆ పద్దునకు చేరును. ధనము చాలని యేట మొట్టమొదట కోతపడునదియు ఆ పద్దే. ఆరోగ్యశాఖవారి దృష్టిలో ఉద్యానము తోటమాలుల వ్యవహారము. తోటమాలుల దృష్టిలో అచటికి వచ్చు జనసమ్మర్దము పోలీసువారి వ్యవహారము. పోలీసువారి దృష్టిలో జనులు తిని త్రాగి విడిచిపోవు విస్తరాకులును లోటాలును పారిశుద్ధ్య సిబ్బందివారి వ్యవహారము. ఇట్లు నలుగురి నడుమను ఉద్యానవనము ఎవరికిని చెందనిదై యుండును. భిలాయి పట్టణమందలి మైత్రీబాగు చరిత్రమును, ఆ పట్టణమున జనులు కూడు విధమును పరిశీలించినయెడల ఈ విషయము తేటపడగలదు. పురపాలక, తాలూకా అధికారులకు అది కేవలము వినోదకథ కాదు.

భిలాయి నేటి ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమున దుర్గ్ జిల్లాలో, హౌరా-బొంబాయి రైలుమార్గముపైన, రాయపూరునకు పడమట నున్నది. 1955 ఫిబ్రవరి 2వ తేదీన భారత ప్రభుత్వమునకును సోవియట్ ప్రభుత్వమునకును ఉక్కు కర్మాగారమును గూర్చిన ఒడంబడిక కుదిరెను. 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాదుగారు మొదటి కొలిమిని ప్రారంభించిరి. ఏటికి 10 లక్షల టన్నుల ఉక్కు తీయుటకై మొదలిడిన ఆ కర్మాగారము 1967 నాటికి 25 లక్షల టన్నులకును, 1980 దశకపు చివరకు 40 లక్షల టన్నులకును విస్తరింపబడెను. ఇనుపరాయి దక్షిణమున దల్లీ-రాజహరా గనులనుండియు, సున్నపురాయి నందినినుండియు వచ్చును. నీరు తాండులా జలాశయమునుండి కాలువద్వారా మరోడా జలాశయములకు చేరి, అచటినుండి కర్మాగారమునకును ఊరికిని పంపకమగును. ఈ నీటి సంగతి ముందు మరల అవసరపడును.

వరిపొలముల నడుమ, పల్లెలను ఎత్తివేసి కట్టిన ఊరగుటచే భిలాయికి పాత బజారు లేదు, కోట లేదు, పూర్వకాలపు దేవాలయ వీథి లేదు. జనులు కూడుటకు అనాదిగా వచ్చిన స్థలమనునది లేకుండెను. ప్రాచీన పట్టణములలో ఇట్టి స్థలములు ఎవరును నిర్మింపకయే ఏర్పడును. కోనేటిగట్టు, రథశాల ముంగిలి, సంతదిబ్బ, ఏటియొడ్డు జనుల వాడుకచేతనే సర్వజన స్థలములైనవి. భిలాయిలోనో, కూడుటకు వలయు స్థలమునుకూడ నక్షాపైననే గీయవలసివచ్చెను. 1 మొదలు 10 వరకు అంకెలే పేళ్లుగాగల సెక్టారులు, ఒక్కొక్కదానికి అంగడులు, బడులు, చిన్న తోటలు, నడుమ సివిక్ సెంటరు, సెక్టారు 1లో నెహ్రూ సాంస్కృతిక సదనము, సెక్టారు 9లో పెద్ద ఆసుపత్రి - ఇట్లు ఊరు ఏర్పడెను. నీడనిచ్చు చెట్లను వీథుల కిరువైపుల విరివిగా నాటిరి. వేసవిలో 45 డిగ్రీలవరకు ఎండకాయు ఆ ప్రదేశమున, కొలుముల వేడిలో ఎనిమిది గంటలు నిలిచి వచ్చు మనుజునకు ఇంటిదారి నీడగా నుండుట ఎంతటి ఉపకారమో వేరుగ చెప్పనక్కరలేదు.

ఈ క్రొత్త ఊరికి దేశపు నలుమూలలనుండి జనులు వచ్చిరి. ఛత్తీస్‌గఢీలు, బీహారువారు, బెంగాలీలు, పంజాబీలు, కేరళీయులు, ఒరియావారు చేరిరి. తెలుగువారు ఇందు స్వల్పసంఖ్యాకులు కారు. విజయనగరమునుండి రాయపూరునకు రైలుమార్గము 1931లోనే పూర్తియైయుండుటచే శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతములవారికి భిలాయి రాకపోకలు సులభమాయెను. కొందరు కర్మాగారమున స్థిరోద్యోగులైరి. మరికొందరు కట్టడపు కూలీలుగా వచ్చి, పని ముగిసినను తిరిగిపోక ఖుర్సీపార్ మొదలగు పేటలలో కాపురములు నిలిపిరి. సెక్టారు 5లోని బాలాజీ ఆలయము, ఆంధ్ర సాహిత్య సమితి వీరి సాంఘిక జీవనమునకు కూడలులైనవి. ఈ స్థిరోద్యోగులకును ఆ కూలీలకును గల భేదము ముందు చెప్పబోవు రోగ ప్రకరణమున మిక్కిలి ముఖ్యము.

మైత్రీబాగు 1972లో స్థాపితమాయెను. పేరునుబట్టియే తెలియునట్లు అది భారత-సోవియట్ స్నేహమునకు చిహ్నముగా కర్మాగారమువారు వేసిన తోట. వైశాల్యము నూరెకరములకు మించును. మరోడా వైపున, సరస్సు, పడవలు, పిల్లల రైలుబండి, సంగీతమునకు తగినట్లు ఎగసిపడు నీటిచిమ్ము, జంతుశాల గలదై, సెక్టారులలోని చిన్న తోటలకంటె భిన్నముగా, యావత్తు జిల్లాకును విహారస్థలమాయెను. ఆ జంతుశాలలో పుట్టిన తెల్లపులులను ఇతర రాష్ట్రముల జంతుశాలలకు ఇచ్చుటచే దాని పేరు దూరదేశములకు ప్రాకెను. సోవియట్ రాజ్యము 1991లో అంతరించినది. స్నేహితులలో నొకరి పేరు దేశపటమునుండి తొలగిపోయినను తోట పేరు మారలేదు. మార్చవలెనని ఎవరికిని తోచినట్లును లేదు. తోటకు వచ్చు పిల్లలకు మైత్రి యనగా పులియు, పడవయు, రైలుబండియు.

ఏటేట శీతకాలమున అచట పుష్పప్రదర్శనము జరుగును. చామంతులు, గులాబీలు, డాలియాలు కుండీలలో పెంచి తెచ్చి వరుసలు తీర్చెదరు. ఆంగ్ల సంవత్సరాదినాడును, ఆదివారములందును, పండుగ సెలవులందును కుటుంబములు అన్నపు గిన్నెలతో, చాపలతో వచ్చి చెట్లక్రింద పగలంతయు గడపుదురు. ఊరిలో దుర్గాపూజ పందిళ్లు, గణపతి నవరాత్రములు, దసరానాటి రావణదహనము వేరువేరు మైదానములలో జరుగును. తెలుగు కుటుంబములకు కార్తికమాసమున వనభోజనము ఆచారము. ఉసిరిచెట్టు దొరకినచోట మేలు, దొరకనిచోట ఉసిరికొమ్మను నాటియైనను పంక్తులు తీర్చి భుజింతురు. ఉద్యోగమునకై వచ్చి పొరుగువాని భాష తెలియని ఊరిలో నివసించువారికి ఇట్టి కూడికలు ఎంత అవసరమో, వారిని రోగులుగా మాత్రమే చూచుట కలవాటుపడిన వైద్యాధికారులు ఒక్కొక్కప్పుడు మరతురు. ఒంటరితనమును కూడ శరీరమున రోగమును పెంచు కారణములలో నొకటిగా ఇప్పటి వైద్యశాస్త్రము పరిగణించుచున్నది.

సర్వజనోద్యానమను భావము ఆరోగ్యవిచారమునుండియే పుట్టినదను సంగతి ఇచట స్మరింపదగును. ఇంగ్లండులో యంత్రశాలల పట్టణములు కిక్కిరిసి, పొగచేతను విషజ్వరములచేతను పనివారు క్షీణించుచుండగా, ప్రజాధనముతో భూమి కొని తోటలు వేయుట మొదలాయెను. 1847లో తెరచిన బర్కెన్‌హెడ్ ఉద్యానము అందుకు ప్రసిద్ధోదాహరణము. సోవియట్‌వారు 1928లో మాస్కోలో గోర్కీ ఉద్యానమును తెరచి, దానిని సంస్కృతికిని విశ్రాంతికిని కలిపిన స్థలముగా నిర్ణయించిరి. పనివాని విశ్రాంతి పని యంతటి రాజ్యవ్యవహారమని వారి యభిప్రాయము. పుష్పములు, సంగీతము, పడవలు, జంతువులు అన్నియు ఒకేచోట నుంచిన మైత్రీబాగున ఆ యభిప్రాయపు ఛాయ కనబడును.

మన దక్షిణదేశమున దీనికంటె నూరేండ్లకు పైగా పూర్వము వేసిన తోట యొకటి కలదు. సర్ చార్లెస్ ట్రెవెల్యన్ చెన్నపట్టణమునకు గవర్నరుగా నున్న 1859-60 కాలమున తలపెట్టిన పీపుల్స్ పార్కు 116 ఎకరముల విస్తీర్ణము గలదై, చెరువులతోను జంతుశాలతోను వాద్యవేదికతోను వెలసెను. దాని చరిత్రము తెలుగు జిల్లాలవారికి చిరపరిచితము, ఏలయన నూరేండ్లపాటు చెన్నపట్టణము తెలుగువారి రాజధానియు నైయుండెను. అచట ఏటి చివరి దినములలో గొప్ప సంత జరుగుచుండెడిది. 1886 డిసెంబరు 31వ తేదీన ఆ సంతలో నిప్పంటుకొనెను. త్వరగా మండు సామగ్రితో కట్టిన అంగళ్లు క్షణములలో అంటుకొనుటయు, ఆవరణమునుండి వెలుపలికి పోవుటకు జనులు ఒక్కుమ్మడిగా తొక్కుకొనుటయు సంభవించి, వందలకొలది ప్రాణములు పోయెను. సంవత్సరపు చివరిదినమున వేడుకకు వచ్చినవారి విషయమున ఇట్లు జరిగెను.

ఆ యగ్నిప్రమాదమునుండి గ్రహింపవలసినది రెండు మాటలలో చెప్పవచ్చును. పందిరి యెంత చక్కనిదైనను అది దూదివత్తివంటిదే. వెలుపలికి పోవుద్వారములు లోనికి వచ్చు ద్వారములకంటె ఎక్కువగా నుండవలెను గాని తక్కువగా నుండరాదు. టిక్కెట్టు లేనివారిని ఆపుటకై ఒకే ద్వారము తెరచి తక్కినవానికి తాళములు వేయు అలవాటు నేటికిని అనేక పట్టణములలో కలదు. రాబడి కాపాడుటకు వేసిన తాళము నిప్పుపుట్టినవేళ ఎవరియొద్ద నుండునో ముందుగా విచారించినవారు అరుదు.

అగ్నికంటె మెల్లగా, కాని అంతకంటె సంపూర్ణముగా, ఆ చెన్నపట్టణపు తోటను మరియొకటి దహించెను. అది కట్టడములు. మూర్ మార్కెట్టు 1900 ప్రాంతమున అందే కట్టబడెను. నగరసంఘపు రిప్పన్ భవనము 1913లో ఆ తోట నేలమీదనే పూర్తియాయెను. తరువాత ఆటస్థలములు వచ్చినవి. 1985లో మూర్ మార్కెట్టు కాలిపోయెను. ఆ స్థలము రైల్వేవారి వాడుకలోనికి పోయెను. అదే యేట జంతుశాలను ఊరివెలుపల వండలూరునకు తరలించిరి. ప్రతి కట్టడమునకును దానిదానికి తగిన కారణము కలదు. ఏ యొక్కరును తోటను నాశనము చేయ నుద్దేశింపలేదు. హైదరాబాదులోను పబ్లిక్ గార్డెన్సునందున్న జంతుశాల 1963లో తెరచిన నెహ్రూ జంతుప్రదర్శనశాలకు తరలెను గాని, అచట పాత తోట చాలవరకు తోటగానే నిలిచెను. భిలాయి విషయమున ఇంతవరకు తోట తన మేరలో నిలిచియున్నది. కర్మాగారపు స్థిరోద్యోగుల సంఖ్య 1980 దశకము తరువాత మిక్కిలి తగ్గినందున, తోటను పోషించు చేతులును తగ్గుట సహజము. ఖాళీగా కనబడు నేలను చూచి చేయి ఊరుకొనని కార్యాలయములు ప్రతి పట్టణమునను గలవు. అందుచేత తోట సరిహద్దు రాళ్లను ఏటికొకమారు తహశీలుదారే స్వయముగా నడచి చూచి నమోదు చేయుట వ్యర్థకార్యము కాదు.

ఇక రోగప్రకరణము. భిలాయిని రైలుపట్టాలు రెండుగా చీల్చుచున్నవి. పట్టాలకు దక్షిణమున కర్మాగారమును సెక్టారులును మైత్రీబాగును గలవు. ఉత్తరమున క్యాంపు 1, క్యాంపు 2, పవర్‌హౌస్, ఛావనీ, ఖుర్సీపార్ పేటలు గలవు. క్యాంపులు పేరునకు తగినట్లు 1950 దశకమున కట్టడపు కూలీలకై తాత్కాలికముగా వేసినవి. ఆ తాత్కాలికము ఏబదియేండ్లు దాటి శాశ్వతమాయెను. దక్షిణపు సెక్టారులలో నీరు, మురుగు, చెత్త మొదలగు పురపాలక సేవలను కర్మాగారపు నగరసేవా విభాగమువారు నిర్వహించుచున్నారు. ఉత్తరపు పేటలు భిలాయి నగరపాలక సంస్థ చేతిలో నున్నవి. ఆ సంస్థ 1998లో ఏర్పడెను. దుర్గ్, భిలాయి కలసి 2011 జనాభా లెక్కలనాటికే పదిలక్షలకు మించిన జనసంఖ్య గలదైయుండెను. ఒకే ఊరు, ఇద్దరు యజమానులు. దోమకు ఈ విభజనము తెలియదు.

2018 జూలై, ఆగస్టు మాసములలో భిలాయిలో డెంగీ జ్వరము ప్రబలెను. అనేకులు, విశేషించి చిన్నపిల్లలు, మృతినొందిరి. ఖుర్సీపార్, ఛావనీ, క్యాంపుల ప్రాంతములు ఎక్కువగా బాధపడినవి. రాష్ట్రమంతటను ఆ యూరి పేరు భయముతో చెప్పుకొనిరి. పట్టాలకు దక్షిణమున తోటలును విశాలమైన వీథులును గల సెక్టారులు, ఉత్తరమున ఇరుకుగా కట్టుకొన్న రేకులిండ్లు. ఈ రెంటికి నడుమ రోగపు బరువులో గల భేదమునకు కారణము దైవము కాదు. కుళాయినీరు దినమంతయు రాని ఇంట నీరు నిలువచేయక తప్పదు. నిలువచేసిన పీపాలకు మూతలుండవు. వేసవిలో వాడిన కూలరులలో మిగిలిన నీరు వానకాలమంతయు అట్లే యుండును. ఇంటిపైకప్పున పాత రబ్బరుచక్రములు బరువుకై పెట్టియుందురు; వాననీరు వానిలో నిలుచును.

డెంగీని వ్యాపింపజేయు ఈడిస్ దోమ స్వభావము మలేరియా దోమకంటె వేరు. అది పగటివేళ కుట్టును. మురుగునీటిని కోరదు, నిలకడగా నున్న మంచినీటినే కోరును. పాత్రల లోపలి గోడకు, నీటిమట్టమునకు కొంచెము పైగా, గ్రుడ్లు అంటించును. ఆ గ్రుడ్లు ఎండినను నెలలతరబడి చావవు. నీరు తగిలినప్పుడు పొదుగును. అనుకూలమైన వెచ్చదనమున గ్రుడ్డునుండి రెక్కలదోమ యగుటకు ఏడు మొదలు పది దినములు చాలును. కావుననే వారమునకొకసారి పాత్రను పారబోసి, లోపలిగోడలను రుద్ది, ఎండనిచ్చు పద్ధతి సర్వత్ర చెప్పబడుచున్నది. పారబోయుటయే చేసి రుద్దనియెడల గ్రుడ్లు గోడకే యుండును. పొగయంత్రముతో వీథిలో పొగ వేసినంతమాత్రమున ఆ సమయమున ఎగురుచున్న దోమలే చచ్చును. పొగబండి శబ్దము జనులకు ధైర్యమును, అధికారులకు పత్రికలో ఛాయాచిత్రమును ఇచ్చును. ఇంటిలోని కూలరు మాత్రము అట్లే యుండును.

ఈ విషయమున ఉద్యానవనమునకేమి సంబంధమని అడుగవచ్చును. సంబంధము రెండువిధములు. మొదటిది, తోటయే దోమల పుట్టిల్లు కావచ్చును. పెద్ద సరస్సు వలన ఈడిస్ భయము అల్పము. చేపలు గల విశాలజలమునందు దాని పురుగులు నిలువవు. భయము చిన్నవానియందున్నది. వారముదినములు ఆపివేసిన నీటిచిమ్ము తొట్టి, చెట్ల తొర్రలు, వెదురు నరికిన మోడులు, ఒడ్డున బోర్లింపక విడిచిన పడవల అడుగులు, జంతువుల నీటితొట్లలో వాడుకలేని మూలతొట్టి, వీనియన్నిటికంటె ముఖ్యముగా పూలకుండీల క్రిందనుంచు పళ్లెములు. పుష్పప్రదర్శనమునకు వందలకొలది కుండీలు వచ్చును. శీతకాలమగుటచే దోమ మందగించును గాని, ఆ పళ్లెములలో పడిన గ్రుడ్లు ప్రదర్శనము ముగిసినపిదప కుండీలతోపాటు ఇంటింటికి, బడిబడికి తిరుగును. తొలకరి వాన వచ్చినంతనే పొదుగును. పళ్లెములు లేకుండ ఇసుకపైన కుండీలనుంచుట వలన చామంతి అందము తగ్గదు. జనులు విడిచిపోవు కాగితపు లోటాలు, కొబ్బరిబోండములు వానకాలమున ఇట్టివే. బోండమును రెండుచెక్కలు చేసి పారవేయవలెనని అమ్మువానికి నిబంధన పెట్టిన చాలును, అందులకు ఖర్చులేదు.

రెండవది, తోటకు ఉత్తరపు పేటలవారును దక్షిణపు సెక్టారులవారును కలసి వత్తురు. పండుగదినమున ఒకే చెట్టుక్రింద రెండు యజమాన్యములకు చెందిన జనులు ఒకే పగలు గడపుదురు. పగటి దోమ కుట్టుటకు ఇంతకంటె తగిన స్థలము లేదు. ఆరోగ్యప్రచారమునకును ఇంతకంటె తగిన స్థలము లేదు. గోడమీద అతికించిన ప్రకటనను చదువనివాడు పులిబోనుముందు పది నిమిషములు నిలుచును. అచట గాజుతొట్టిలో దోమపురుగులను, వానిని తిను గంబూసియా చేపలను ప్రదర్శించినయెడల, పులిని చూడ వచ్చిన పిల్లవాడు దీనినికూడ చూచి ఇంటికి పోయి కూలరు మూత యెత్తి చూచును. ఇట్టి ప్రదర్శనమును హిందీలోను తెలుగులోను ఒరియాలోను వివరించుట ఆ ఊరి జనులనుబట్టి అవసరము.

అన్నపానముల విషయము పాతదే యైనను మరల చెప్పదగినది. 1939 నాటి మదరాసు ప్రజారోగ్యచట్టమున జాతరలకును ఉత్సవములకును ప్రత్యేక ప్రకరణమే యుండెను. నాటివారి ముఖ్యభయము కలరా. యాత్రికులు ఒకచోట త్రాగి, ఇంకొకచోట రోగమును దించుచుండిరి. నేడు కలరా తగ్గినను అతిసారము, సన్నిపాతజ్వరము, కామెర్లు నీటిద్వారమునే వచ్చుచున్నవి. ప్రజలకిచ్చు నీటియందు కుళాయివద్ద లీటరుకు 0.2 మిల్లీగ్రాములకు తక్కువకాకుండ క్లోరిను మిగిలియుండవలెనని భారతీయ ప్రమాణము. దానిని పరీక్షించు చిన్నపెట్టె చౌకగా దొరకును. పరీక్షకు రెండు నిమిషములు చాలును. వనభోజనములకు వచ్చినవారు ఇంటనుండి తెచ్చిన పులిహోర, దద్ధోజనములవలన కలుగు కీడుకంటె, వారు తోటలో ఏదో గొట్టమునుండి పట్టుకొన్న నీటివలన కలుగు కీడే యెక్కువ. మొక్కలకు పోయు నీటిగొట్టమునకును త్రాగునీటి గొట్టమునకును భేదము తెలియునట్లు రంగు వేయవలెను. అన్నము వండి మధ్యాహ్నము మొదలు సాయంకాలమువరకు వేడిలో నుంచిన పాయసము, మాంసపు కూరలవిషయమున కుటుంబములకంటె పెద్ద సంఘముల వంటవారే ఎక్కువ జాగ్రత్త వహింపవలెను. ఒక కుటుంబపు పొరపాటు నలుగురికి, సంఘపు పొరపాటు నాలుగువందలమందికి.

మరుగుదొడ్ల సంగతి ఇంకను సులభముగా మరపునకు వచ్చును. పురుషులు చెట్టుచాటునకు పోవుదురు. స్త్రీలు అట్లు పోజాలక, ఉదయమునుండి నీరు త్రాగుట మానుకొందురు. వేసవిలో ఇది వడదెబ్బకు మార్గము. ఏ కాలమందైనను మూత్రవ్యాధులకు మార్గము. ఉత్సవదినములందు స్త్రీల దొడ్లు పురుషుల దొడ్లకంటె ఎక్కువగా నుంచుటయే న్యాయము. సామాన్యముగా కనబడునది దీనికి విపరీతము.

2021 ఏప్రిల్‌లో కరోనా వ్యాధి రెండవ యలలో దుర్గ్ జిల్లా మిక్కిలి బాధపడెను. ఆ నెల 6వ తేదీనుండి జిల్లాయంతట కట్టుదిట్టముగా రాకపోకలు ఆపిరి. ఉద్యానములును మూతపడినవి. ఆనాటి భయమున అది అర్థముకానిది కాదు. అయినను తరువాతి విజ్ఞానమునుబట్టి చూచిన, గాలిద్వారా వ్యాపించు ఆ రోగము మూసిన గదులలో ప్రాకినట్లు ఆరుబయట ప్రాకదు. పదిమంది నొకగదిలో నివసించు క్యాంపు కుటుంబమునకు, దూరదూరముగా నడచుటకు వీలైన తోటయే గదికంటె క్షేమకరము. జనసమ్మర్దమును ఆపుట వేరు, బయలును మూయుట వేరు. మరియొక మహమ్మారి వచ్చునాటికి ఈ భేదమును ఆజ్ఞాపత్రములలో వ్రాసియుంచుకొనుట మంచిది. ఆ సమయమున ఆలోచించు తీరిక దొరకదు.

ఇంతకును మైత్రీబాగు ఎంత పెద్దదైనను, ఖుర్సీపార్‌లోని ముసలమ్మ సాయంకాలము పోయి కూర్చుండదగిన దూరమున లేదు. బస్సుకు డబ్బు కావలెను, పట్టాలు దాటవలెను. ఏటికి రెండుసార్లు పోయి చూచు తోట పండుగవంటిది. దినదినము పోయి కూర్చుండు తోట మందువంటిది. సెక్టారులవారికి రెండును కలవు. ఉత్తరపు పేటలవారికి మొదటిది మాత్రమే కలదు. స్థలము లేనిచోట జనులు కూడక మానరు. రోడ్డుపైన, బడిముందర, రైలుపట్టాలపైన కూడుదురు. 1992 జూలై 1వ తేదీన భిలాయి పవర్‌హౌస్ స్టేషనువద్ద పట్టాలపై కూర్చున్న ఒప్పందపు కార్మికులపైన పోలీసులు కాల్పులు జరుపగా పలువురు మరణించిరి. ఆ తగవునకు హేతువులు కూలికి, పనికి సంబంధించినవి. తోట యుండియుంటే తీరిపోయెడివని చెప్పుట అవివేకము. అయినను ఊరిలో కార్మికుడు కూర్చుండి తన మాట చెప్పుకొను చోటు ఏది యను ప్రశ్న నక్షా గీయువారు వేసికొనవలసినదే. సమావేశమును ఆపు ఆజ్ఞలు వ్రాయు చేతులే సమావేశమునకు స్థలము చూపవలసియున్నవి.

ఉత్తరపు పేటలలో నూరెకరములు దొరకవు. దొరకనక్కరలేదు. పాతబావి చుట్టున్న నేల, మూతపడిన గిడ్డంగి ఆవరణము, కాలువగట్టు, బడి మైదానము - వీనిలో నాలుగైదు వేపచెట్లు, రెండు అరుగులు, ఒక కుళాయి, ఒక దీపము, నీరు నిలువకుండ వాలు గల నేల ఉన్నచో చాలును. బడి మైదానమును సెలవుదినములందును సాయంకాలములందును తెరచియుంచుటకు పైసా ఖర్చు లేదు. తాళపుచెవి ఎవరియొద్ద నుండవలెనో తేల్చుకొనుటయే కష్టము. మొక్కలు నాటుట ఉత్సవముగా జరుగును. మొదటి రెండు వేసవులలో నీరు పోయుట ఎవరి పనియో వ్రాసియుండదు. నాటిన మొక్కల సంఖ్యకు బదులుగా మూడవ యేట బ్రతికియున్న మొక్కల సంఖ్యనే నివేదికలో అడుగు తహశీలుదారు ఉన్నచో పని వేరువిధముగా జరుగును.

జంతుశాలవిషయమున ఒక మాట. 1972లోనే వన్యమృగ సంరక్షణ చట్టము వచ్చెను. 1992లో కేంద్ర జంతుశాలా ప్రాధికార సంస్థ ఏర్పడి, జంతుశాలలకు అనుమతియు ప్రమాణములును నిర్ణయించుచున్నది. జంతువుల ఆరోగ్యము ఆ సంస్థ చూచుకొనును. బోనులు కడిగిన నీరు ఎచటికి పోవుచున్నదో, జంతుపాలకులకు పిచ్చికుక్క కాటునకు ముందుగా వేయవలసిన టీకాలు పడినవో లేవో, పక్షుల పంజరముల దాపున అన్నపు అంగళ్లు పెట్టిరో లేదో చూచుట స్థానిక ఆరోగ్యాధికారి పని. పక్షులు హఠాత్తుగా చచ్చినయెడల పశువైద్యునికిని జిల్లా ఆరోగ్యాధికారికిని ఒకేదినమున తెలియవలెను.

మొత్తముమీద ఉత్సవదినమునకు పూర్వము కర్మాగారపు నగరసేవావారు, నగరపాలక సంస్థవారు, తహశీలు, పోలీసు, అగ్నిమాపక శాఖలవారు ఐదుగురును తోటలోనే కలసికొని, కార్యాలయమున కుర్చీలలో గాక కాలినడకన ఒకమారు చుట్టివచ్చుట మేలు. ద్వారములకు తాళములు ఎవరియొద్ద నున్నవి, అగ్నిమాపక బండి సరస్సువరకు పోవు దారికి అడ్డముగా అంగడి పెట్టిరా, స్త్రీల దొడ్లలో నీరు వచ్చుచున్నదా, కుళాయిలో క్లోరిను ఎంత, నీటిచిమ్ము ఎన్ని దినములనుండి ఆపియున్నది, కుండీలక్రింద పళ్లెములున్నవా - ఈ ఆరింటికి ఒకే కాగితముపైన జవాబులు వ్రాసి ఐదుగురును సంతకములు చేయవలెను. చుట్టివచ్చుటకు రెండు గంటలు పట్టును. వేసవియందైనచో ఉదయము 7 గంటలకు ముందే బయలుదేరవలెను.